వేడెక్కని మీటర్

రజిత బాపుకు,

నిన్న మీ సంవత్సరీకం అయింది. ఈ రోజు దీపం పెట్టి మన మీటర్ల షాపుకు వెళ్ళేసరికి, మీ తమ్ముడు శ్రీను సిగ్నల్ కొలిచే చేతి మీటరును ఆన్ చేసిన వెంటనే సరిచేస్తున్నాడు. అలియాబాద్‌లో బడి పక్కనున్న సెల్ టవర్ రేడియేషన్‌ను దానితోనే కొలుస్తారట.

"అరగంట వేడెక్కనియ్యవా శ్రీనూ?"

"గదేమన్న చాయ్ గిన్నెనా వదినా? మీటరిచ్చిన పార్టీ పరేషాన్ చేస్తాండు."

అతను అన్నానికి వెళ్ళాక, మీరు చూపించినట్టే అదే సిగ్నల్ మళ్ళీ ఇచ్చి చూశాను. వేడెక్కిన మీటర్ రెండు డెసిబెల్స్ తక్కువ, అంటే అసలు బలంలో మూడో వంతుకు పైగా తగ్గించి చూపింది. ఆ బడి పిల్లల తల్లులకు ఆ తక్కువ లెక్కే చెబుతారు.

శ్రీను తిరిగొచ్చి, సరిచూశామని అతికించే స్టిక్కర్ అడిగాడు. ఇవ్వనన్నాను.

"అయితే పార్టీకి నువ్వే చెప్పుకో" అని వెళ్ళిపోయాడు.

ఆ పార్టీ వాళ్ళు ఇంకాసేపట్లో వస్తారు. ఆ స్టిక్కర్ల మీద ఇప్పటికీ మీ పేరే ఉంది.