థాయిలాండు మీద పెట్టి

మనామా, నయీమ్
ఆగస్టు నెలాఖరు

అత్తమ్మకు చిన్నకోడలు స్వర్ణ దండం పెట్టి రాస్తున్నది.

ముందుగా నా తప్పులు మన్నించాలి. అయిదో తరగతిలో బడి మానినదాన్ని. ఒత్తు కావలసిన చోట పెట్టను, వద్దన్న చోట పెడతాను. గీతల కాగితం మీద రాసినా నా అక్షరాలు గుట్ట ఎక్కుతున్నాయి. మీ పెద్దకోడలు రమక్క కూడబలుక్కుని చదివి వినిపిస్తుందని ధైర్యం. ఫోన్ చేయొచ్చు కదా అంటారు. ఫోన్‌లో మీరు "ఏందే" అనగానే చెప్పాలనుకున్నది మరిచి "ఏం లేదత్తమ్మా" అని పెట్టేస్తాను, పక్కన మీ చిన్నకొడుకు నవ్వుతాడు. కాగితం నన్ను ఏమీ అనదు. ఈ గల్ఫ్ నుంచి మన దిక్కు మనుషులు వారానికొకరు ఊరికి పోతూనే ఉంటారు, వాళ్ళ చేతికిచ్చి పంపుతాను.

మేము బాగున్నాం. మీ చిన్నకొడుకు ఏసీల కంపెనీ డ్యూటీకి తెల్లారకముందే పోతాడు. నేను గిన్నెలు తోమినాక ఇంక తోమడానికి ఏమీ ఉండదు. ఈ నయీమ్ గల్లీలో మా పైవాటాలో థాయిలాండు ఆడవాళ్ళు ఇద్దరున్నారు. మనామాలోనే జుఫైర్ దిక్కు ఒక హోటల్లో వంట చేస్తారు. చిన్నామె నోయ్. అసలు పేరు రైలంత పొడుగుంటుందట, అందుకని అందరూ ముద్దుపేరుతోనే పిలుస్తారు. వాళ్ళూ మనలాగే చేతులు జోడించి దండం పెడతారు. చెప్పులు బయటే విడుస్తారు. పెద్దవాళ్ళను వట్టి పేరుతో పిలవరు, మనం అక్కా అన్నట్టు ముందు "పీ" అని చేరుస్తారు. నోయ్ నాతో సగం హిందీ, సగం అరబ్బీ, మిగిలింది చేతులతో మాట్లాడుతుంది.

వాళ్ళ దేశం సంగతులు వింతగా ఉంటాయి అత్తమ్మా. జనం ఓట్లేసి ప్రభుత్వం తెచ్చుకుంటారు. కొన్నాళ్ళకు సైన్యం ట్యాంకులేసుకుని వచ్చి "మీరు లేవండి, మేం చూసుకుంటాం" అంటుంది. పాత రాజ్యాంగం తీసేసి కొత్తది రాస్తారు. ఇప్పటికి ఇరవై రాజ్యాంగాలయ్యాయట! నాకైతే, కోడలు పొయ్యి మీద కూర కలుపుతుంటే ఎవరో వచ్చి చేతిలో గంటె గుంజుకున్నట్టు అనిపించింది.

చదివినాక ఈ ఉత్తరం కాల్చేయండి. నా రాత ఎవరైనా చూస్తే సిగ్గు.

మీ చిన్నకోడలు
స్వర్ణ

తా.క. రమక్కా, ఈ ముక్క నీకే, పైకి చదవకు. నోయ్ వాళ్ళ హోటల్లో కూరగాయలు కోసే మనిషి కావాలట. కాగితాలు వాళ్ళే చేయిస్తారట. మీ మరిదిని అడిగితే "మా అమ్మ సరే అంటే నాకు సరే" అన్నాడు. డిసెంబరు సెలవుల రద్దీ మొదలయ్యేలోపు చెప్పాలి. అత్తమ్మను అడగాలని మూడు కాగితాలు మొదలుపెట్టి చింపేశాను. నాకు పోవాలని చాలా ఉంది అక్కా.


రాంపూర్
సెప్టెంబరు

చిన్నకోడలు స్వర్ణకు అత్త దుర్గవ్వ దీవించి రాపిచ్చేది. రాసేది రమ.

నీ ఉత్తరం అందింది. రమతోని రెండుసార్లు సదివిచ్చుకున్న. రెండోసారికి సమజైంది.

నేను నీ చేతిల గంటె గుంజుకున్ననా? ఎప్పుడు? బతుకమ్మ నాడు పులుసు పొంగుతుంటె జర పక్కకు జరుగుమన్న. గంతె! దానికి సైన్యమంటవా, ట్యాంకులంటవా? థాయిలాండట! కోడలు అత్తను నేరుగ అంటదా? ఎవ్వలి మీదనన్న పెట్టి అంటది. నేను మా అత్తను ఏమన్న అనాల్నంటె బర్రెను తిట్టేది. "పొద్దందాక నెమరేస్తనే ఉంటవా, జర లేచేది లేదా" అంటె ఆమె అరుగు మీదికెల్లి లేచేది. నువ్వు జర సదువుకున్నవు కాబట్టి నీకు బర్రెకు బదులు దేశం దొర్కింది.

పైంగ కాల్చెయ్యమన్నవు. లోపల ఏం లేకుంటె ఎవ్వలన్న కాల్చమంటరా? నేను కాల్చలే. బియ్యం డబ్బల దాసిన.

ఇరవై రాజ్యాంగాలంటివి. నేను రోజుకో రూల్ పెడతనని నాకు తెల్వదా? నువ్వు ఎక్కిరిస్తె తెలుసుడు కాదు. మొన్నటిసంది గంటె రమకిచ్చిన. నాకేం పట్టింపు లేదు. పానం మంచిగ సూసుకో.

ఇట్లు, నీ అత్త
దుర్గవ్వ

తా.క. చెల్లె, ఇది రమ సొంతంగ రాసేది. గంటె నాకిచ్చింది గని, పొయ్యి పక్కన పీట ఏసుకొని కూసుంటుంది. సైన్యం ఎల్లిపోయినట్టే పోయి గేటు కాడ నిలబడ్డది. ఇప్పుడు నీ పని ముచ్చట ఎత్తితె ఇద్దరం ఔట్. ఇంకో ఉత్తరం రాయి. ఎవ్వలకు తగలకుండ, నవ్వొచ్చేది రాయి.


మనామా, నయీమ్
అక్టోబరు మొదట్లో

అత్తమ్మకు స్వర్ణ రెండు చేతులా దండం పెట్టి, చెంపలేసుకుని రాస్తున్నది.

మా అమ్మ మీద ఒట్టు, థాయిలాండు నిజంగా ఉన్నది. బావను ఫోన్‌లో చూపించమనండి. నేను ఎవరి మీదా పెట్టి రాయలేదు. గంటె మళ్ళీ మీరే తీసుకోండి.

ఈసారి నవ్వొచ్చే సంగతి. వాళ్ళకు వారంలో రోజుకో రంగు. సోమవారం పసుపు, మంగళవారం గులాబి, ఆదివారం ఎరుపు. ఆ రంగులే కొన్ని రాజకీయాల్లోకీ వచ్చాయి. పైవాటాలో పెద్దామె పీ లెక్, పట్నం మనిషి, పసుపు అంగీల వాళ్ళ వైపు. నోయ్ వరి పండించే పల్లె పిల్ల, ఎర్ర అంగీల వైపు. అక్కడ ఈ రెండు వర్గాలూ ఏళ్ళ తరబడి రోడ్ల మీద కొట్లాడుకున్నాయి. ఇక్కడ వీళ్ళు ఫ్రిజ్ మధ్యలో టేపు అంటించుకున్నారు. పై అర పసుపు, కింది అర ఎరుపు. చేపల సాసు సీసా ఒక్కటే ఉమ్మడి, అది ఫ్రిజ్ నెత్తి మీద ఉండేది.

రెండేళ్ళ కింద ఎన్నికలొచ్చాయి. ఈ ఇద్దరినీ కాదని నారింజ రంగు పార్టీకి, ఎక్కువగా చిన్న వయసు వాళ్ళది, అందరికంటే ఎక్కువ సీట్లొచ్చాయి. అయినా కుర్చీ దక్కలేదు. ఎర్ర పార్టీ పోయి, ఇన్నాళ్ళూ తిట్టిన సైన్యం మనుషుల పార్టీలతోనే కలిసి గద్దెనెక్కింది. ఆ రోజు నోయ్, పీ లెక్ టీవీ ముందు నోరు తెరుచుకుని కూర్చున్నారట. నాయకులు కలిసిపోయారు, ఫ్రిజ్‌లో టేపు మాత్రం మిగిలింది. నోయ్ లేచి టేపు పీకేసింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే గిన్నెలో తింటూ అందరు నాయకులనూ కలిపి తిడతారు. నాకు కూడా రెండు థాయి తిట్లు వచ్చాయి. అవి రాయను.

ఈ ఉత్తరం కాల్చినా సరే, బియ్యం డబ్బాలో పెట్టినా సరే.

మీ చిన్నకోడలు
స్వర్ణ

తా.క. ఇంకొకటి మరిచిపోయాను. చాలా ఏళ్ళ కింద వాళ్ళ ప్రధానమంత్రి ఒకాయన టీవీలో వంట చేసి డబ్బు తీసుకున్నాడని కోర్టు పదవి పీకేసింది! వంట చేసినందుకు అత్తమ్మా! నేను నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడ్డాను.


రాంపూర్
అక్టోబరు ఆఖరు

స్వర్ణకు అత్త దుర్గవ్వ సంతోషంగ దీవించి రాపిచ్చేది.

నిన్ను నోట్లె నాలుక లేనిదనుకున్న. నీకు తలకాయల ఉన్నది నాలుక.

ఎర్రోళ్ళు పసుపోళ్ళంటె నేను, నా ఆడిబిడ్డ ముత్తెమ్మ. ఇంకెవ్వలు? ఎనుక గల్లీల ఉంటది, ఆమె బిడ్డ పెండ్లిల నాకు పెట్టిన చీరకు అంచు సన్నగుందని నేనన్నకెల్లి మాట్లాడుకుంటలేం. నారింజోళ్ళంటె మీ యారాండ్లిద్దరు. కోడండ్లకు బలమైంది, ఇప్పుడన్న ముత్తెమ్మతోని కలువు, లేకుంటె నీకు గద్దె లేదు అని చెప్పినవు. ఎదుటోళ్ళకు గింత మంచి సలహా ఎవ్వలియ్యరు బిడ్డా. నువ్వు మంచిదానివి.

తెల్లారే ముత్తెమ్మింటికి పోయిన. "ఏమొచ్చినవే" అన్నది. "థాయిలాండ్ల కూడ కలిసిపోయిండ్రటనే" అన్న. ఆమెకు సమజ్ కాలేదు గని ఏడ్సింది. నేనూ ఏడ్సిన. గిప్పుడు పొద్దూకితె మా అరుగు మీదనే ఉంటది.

వంట జేస్తె పదవి పోతదన్నవు. నిజమే. గందుకె పొయ్యి దిక్కు సూస్తలేను.

ఇట్లు, నీ అత్త
దుర్గవ్వ

తా.క. చెల్లె, నీకు ఇంకో దేశం దొర్కలేదా? నాకు గిప్పుడు ఇద్దరత్తలు. చాయ్‌ల శక్కర తక్కువని ఒకామె, ఎక్కువని ఒకామె. పీట పోయింది, అరుగొచ్చింది. ఇద్దరు కలిసి ముచ్చట పెట్టుకుంట నాకు ఆర్డర్లేస్తరు. దండం పెడత, థాయిలాండ్ బంద్ జెయ్యి. ఏది అడుగుతవో నేరుగ అడుగు. సదివేది నేనే, గొంతు వణకకుంట సదువుతా.


మనామా, నయీమ్
నవంబరు

అత్తమ్మకు స్వర్ణ దండాలు.

ఈ మధ్య థాయిలాండు ప్రధాని పక్క దేశపు పెద్దాయనతో ఫోన్‌లో మాట్లాడుతూ బాబాయ్ అని పిలిచింది, ఆ మాటలు బయటపడి పదవి పోయింది, అని రాయబోయాను. రాయను. మీరు మళ్ళీ ఎవరిని బాబాయ్ అనుకుంటారో నాకు భయం.

ఈ ఉత్తరంలో ఏ దేశమూ లేదు. నేనే ఉన్నాను.

అత్తమ్మా, నేను పనికి పోతాను. నోయ్ వాళ్ళ హోటల్లో కూరగాయలు కోసే పని. పొద్దున పోయి మధ్యాహ్నానికి వస్తాను. అందరూ ఆడవాళ్ళే. పోయిన శుక్రవారం చూద్దువు గాని రమ్మని నోయ్ తీసుకుపోయింది. బొప్పాయి కాయను పచ్చిదే సన్నగా తురమమన్నారు, రోట్లో వేసి దంచి తింటారు. నేను తురుముతుంటే పీ లెక్ నన్ను "నోంగ్" అని పిలిచింది. అంటే చెల్లె అని. ఏదో అంటే గట్టిగా నవ్వాను. అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

ఇక్కడ నాలుగు గోడల మధ్య నాకు ఊపిరాడడం లేదు. వండుతాను, తోముతాను, కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు చూస్తాను. నేను కూడా పదిమందిలో ఒక మనిషిని అనిపించుకోవాలని ఉంది. మీరు సరే అంటేనే పోతాను. వద్దంటే మళ్ళీ అడగను.

ఈ ఉత్తరం కాల్చొద్దు.

మీ చిన్నకోడలు
స్వర్ణ

తా.క. ఒట్టు అత్తమ్మా, ఇది ఎవరి మీదా పెట్టింది కాదు.


రాంపూర్
నవంబరు ఆఖరు

స్వర్ణకు అత్త దుర్గవ్వ కడుపునిండ దీవించి రాపిచ్చేది.

బిడ్డా, ఈసారి నువ్వు దేశం మీద పెట్టలేదు. నీ మీదనే పెట్టుకొని నాకు చెప్పినవు. రమ సదువుతుంటె నా కండ్లల్ల నీళ్ళు ఆగలే.

వండుత, తోముత, కిటికీలకెల్లి సూస్త అంటివి. గది నేనే గదా! పెండ్లైనకెల్లి ఈ పొయ్యి ముంగట కూసున్న. నీకు ఊపిరాడుతుందా దుర్గవ్వా అని మీ మామ అడిగిండా? కన్న కొడుకులడిగిండ్రా? గల్ఫ్ పోయిన కోడలు అడిగింది. పదిమందిల ఒక మనిషివి అనిపించుకోవా అత్తా అన్నవు. అనిపించుకుంట.

ఊర్ల పంచాయతి ఎలచ్చన్లొచ్చినయి. మన వార్డు రిజర్వేషన్ల ఆడోళ్ళకొచ్చింది. పడ్డ నామినేషన్లన్ని మొగోళ్ళు పెండ్లాల పేరు మీద ఏసినయే. నేను ముత్తెమ్మను ఎంబడివెట్టుకొని పోయి నా పేరు నేనే చెప్పి నామినేషన్ ఏసిన. "ఏం పార్టీ అవ్వా" అని నవ్విండ్రు. వార్డు మెంబరుకు పార్టీ ఉండది, గది గూడ తెల్వదా అన్న. మల్ల నవ్వలే.

నీ మాట నిలబెడత బిడ్డా. ఉంట మరి, ఇంకా మూడు గల్లీలు తిరగాలె.

ఇట్లు, నీ అత్త
దుర్గవ్వ, వార్డు అభ్యర్థి

తా.క. చెల్లె, నీ పని ముచ్చట ఒక్క ముక్క లేదని చూసినవా? నేనూ చూసిన. నాకూ గల్లీలు తిరిగేదున్నది, వంట మీ బావకు అప్పజెప్పిన, పోపు డబ్బ ఏదని ఇప్పటికే రెండుసార్లు కేకేసిండు. గని కాగితం మడిచేముందు ఆమెకు అడ్డం నిలబడి నేరుగనే అడిగిన: "అత్తా, అది నీ గురించి కాదు. స్వర్ణ నిజంగనే పనికి పోతనంటుంది. సరే అంటవా, వద్దంటవా? ఏం రాయాలె?"

ఆమె చెప్పులేసుకుంట ఆగింది. నా దిక్కు చూసింది. గప్పుడన్నది:

"దానికి నన్నడుగుడేందే? నామినేషన్ ఎయ్యంగ నేను ఎవ్వలనడిగిన?"