అంగుళంన్నర అనుమానం

ల్యాబు డాక్టరమ్మగారికి, దర్జీ నమస్కరించి రాసేది.

ఆపరేషన్‌లో నా వృషణం నుంచి తీసిన గడ్డ మీద మీ రిపోర్టు అందింది. క్యాన్సరన్నారు, సరే. అందులో ఆడవాళ్ల హార్మోను తయారవుతోందని కూడా రాశారు. నేను ముప్పై ఏళ్లుగా మగవాళ్ల చొక్కాలు కుడుతున్నవాణ్ణి. సీసాలు మారాయని నా అనుమానం.

ఇట్లు, దర్జీ

తా.క.: నా రిపోర్టు ఎవరో ఆవిడకు వెళ్లి ఉంటుంది. పాపం, ఎంత వెతుక్కుంటోందో.

*

దర్జీగారికి నమస్తే.

సీసాలు మారలేదు. ఈస్ట్రోజన్ మగవాళ్లలోనూ కాస్త ఉంటుంది. అరోమటేజ్ అనే ఎంజైమ్ మగ హార్మోనునే విప్పి ఈస్ట్రోజన్‌గా కుడుతుంది. మీ గడ్డలో అది హద్దు మీరింది. మీ ఛాతీ ఉబ్బింది అందుకే. గడ్డ తీసేశారు కాబట్టి ఇక ఈస్ట్రోజన్ తగ్గాలి. తగ్గిందో లేదో చూడటానికి మంగళవారం వచ్చి రక్తం ఇవ్వండి.

మీ ల్యాబు డాక్టరు

తా.క.: ఆ వారం మాకు వచ్చిన వృషణపు గడ్డ మీదొక్కటే.

*

దర్జీగారికి,

మంగళవారం ఇచ్చిన రక్తంలో ఈస్ట్రోజన్ బాగా ఎక్కువగా ఉంది. గడ్డ ఇంకా మిగిలి ఉందేమో. వెంటనే స్కానింగ్‌కు రండి.

ల్యాబు డాక్టరు

*

డాక్టరమ్మగారికి,

దొరికిపోయారు! మంగళవారం చెయ్యి చాచింది నేను కాదు, మా అక్క మొగుడు. మీ సంగతి తేల్చుకుందామని నా చీటీ ఇచ్చి పంపాను. "నీ అనుమానానికి నా నెత్తురు కావాలట్రా?" అని గొణుక్కుంటూనే వెళ్లాడు. దున్నలాంటి మనిషి. ఆయనకూ ఆడ హార్మోనేనా? రేపు నా కుట్టుమిషన్‌లోనూ ఉందంటారు!

ఇట్లు, మోసపోని దర్జీ

తా.క.: మా బావ ఛాతీ ఈ ఏడాది అంగుళంన్నర పెరిగింది. నడుము మాత్రం పెరగలేదు. నా కొలతల పుస్తకంలో ఉంది. కసరత్తు చేస్తున్నానంటాడు. నేను నమ్మను.

*

దర్జీగారూ,

నేనూ నమ్మను. ఉత్తరం మడిచేలోపు మీ బావగారిని తీసుకురండి.

ల్యాబు డాక్టరు

తా.క.: మిమ్మల్ని తిట్టాల్సింది ఉంది. అది తర్వాత.

*

డాక్టరమ్మగారికి, దర్జీ తల వంచుకుని రాసేది.

బావకూ నాలాగే అక్కడే శనగగింజంత గడ్డ ఉంది. సిగ్గుపడి ఆరు నెలలు అక్కకు కూడా చెప్పలేదట. శుక్రవారం తీసేశారు. ఎక్కడికీ పాకలేదన్నారు. అక్క వార్డు బయట నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, తర్వాత ఇద్దర్నీ కలిపి తిట్టింది. నిన్న నేను ఇచ్చిన రక్తం నాదే. ఒట్టు.

ఇట్లు, మీకు రుణపడ్డ దర్జీ

తా.క.: కొలతల పుస్తకం మొత్తం తిరగేశాను. ఛాతీ మాత్రమే పెరిగినవాళ్లు ఇంకా ఇద్దరున్నారు. మీ దగ్గరకు వెళ్లమన్నాను. నన్ను అనుమానంగా చూశారు. ఒకాయన వస్తానన్నాడు, కానీ రక్తం వాళ్ల బావమరిది ఇస్తాడట.