శ్రీవారి సాక్ష్యం

శ్రీవారికి,

ఫోన్ ఎత్తడం లేదని మా అక్క మీద విసుక్కున్నారట. ఎత్తను. ఫోనులో అయితే నేను నోరు తెరిచే లోపే మీరు "అది కాదే" అంటారు. ఉత్తరానికి ఆ బాధ లేదు.

ఆసుపత్రి నుంచి మనింటికి రాకుండా మా అక్క ఇంటికి ఎందుకు వచ్చానో అర్థం కావడం లేదన్నారు. చెబుతాను, వినండి.

ఆ రోజు మనల్ని కారెక్కించుకుంటానని మీ అక్క అంటేనే కదా రోడ్డు దాటబోయాం. నడిచేవాళ్ల దీపం పచ్చగా వెలిగాకే తెల్లచారల మీద కాలు పెట్టాం. సంచీ మీ చేతిలో ఉంది. నేను కాస్త ముందున్నాను. ఎర్రదీపాన్ని లెక్కచేయకుండా వచ్చిన కారు నన్ను ఎత్తి కుదేసింది. కిందపడి తల తిప్పి చూస్తే స్టీరింగు వెనక వదిన! చెవి దగ్గర ఫోను ఇంకా అలాగే ఉంది. ఆడపడుచు అర్ధమొగుడంటారు గాని, కారెక్కితే నిండు యముడని నాకెవరూ చెప్పలేదు.

అంతవరకూ పొరపాటే అనుకున్నాను. మనిషన్నాక జరుగుతుంది. కాని తుంటికి ప్లేటు వేసి నన్ను మంచం మీద పడుకోబెట్టాక, తెర అవతల పోలీసాయన మిమ్మల్ని అడిగాడు. మీరేమన్నారు?

"మా ఆవిడకు తొందరెక్కువ సార్. దీపం చూసుకోకుండా ఉరికింది. మా అక్క తప్పేం లేదు."

నేను మత్తులో ఉన్నాననుకున్నారు. మత్తు కాళ్లకిచ్చారు గాని చెవులకివ్వలేదు.

నేను షాపులకు బోర్డులు రాసుకునే మనిషిని. నిచ్చెన మీద నిలబడి నా తలకంటే పెద్ద అక్షరాలు రాశాను. ఇప్పుడు స్నానాల గదికి వెళ్లాలన్నా అక్క భుజం కావాలి. "ఇంక పైకెక్కే పని మర్చిపో" అన్నాడు డాక్టరు, వాన వచ్చేలా ఉంది అన్నంత తేలిగ్గా.

అందుకే ఒక లాయరమ్మను కలిశాను. ఆవిడ చెప్పింది మీరూ వినండి. "చారల మీద, పచ్చదీపం మీద నడుస్తున్నవాళ్లకు దారివ్వడం కారు నడిపేవాళ్ల పనమ్మా. వైద్యానికైంది, పోయిన పని, పడ్డ నొప్పి, అన్నీ అడిగే హక్కు నీకుంది. ఒకవేళ నీ తొందర కొంత ఉందని తేలినా వచ్చేది తగ్గుతుందేమో గాని హక్కు పోదు. నీ బదులు మీ ఆయన రాజీపడతానన్నా చెల్లదు."

"అయినవాళ్ల మీద కేసేమిటంటారేమో" అన్నాను.

"కారుకు చుట్టరికాలు తెలుసా? తెలిస్తే ఆగేదిగా" అంది.

కేసు వేశాను. మీ అక్క తరఫు సాక్షి మీరేనట. తప్పకుండా రండి. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ రండి.

ఇట్లు,
తొందరెక్కువైన మీ భార్య

*

శ్రీవారికి,

నిన్న మీరూ వదినా వచ్చి వెళ్లాక మా అక్క గుమ్మం కడిగింది. నేను వద్దనలేదు.

వదిన ముందు మీరు నోరు విప్పలేదు కాబట్టి, గదిలో ఉన్నారో లేదో నాకు అనుమానమే. అందుకని జరిగింది రాస్తున్నాను.

వదిన కుర్చీ లాక్కుని నా మంచం పక్కన కూర్చుంది. బళ్లో పిల్లల్ని మందలించే గొంతుతో మొదలుపెట్టింది.

"ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తావా? హెడ్‌మిస్ట్రెస్‌ని, నా పరువేం కావాలి? రోడ్డెలా దాటాలో పిల్లలకు చెప్పేదాన్ని!"

"అవునొదినా. ఎలా ఆగాలో కూడా చెప్పాల్సింది."

"నిన్ను కావాలని గుద్దానా?"

"కావాలని గుద్దలేదు. కావాలని అబద్ధమాడించారు."

ఆవిడ మొహం ఎర్రబడింది. మీరు మాత్రం గచ్చు మీద ఏదో పోగొట్టుకున్నట్టు కిందికే చూస్తున్నారు. వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి, నాకు మాత్రమే వినపడేలా అన్నారు. "అమ్మ పోయాక నన్ను పెంచింది తనేనే."

తెలుసు. మిమ్మల్ని నిలబెట్టింది తను. నన్ను పడేసింది కూడా తనే. ఒకదానికొకటి చెల్లు వేసే అధికారం మీకెవరిచ్చారు?

ఉసురు తగులుతుందని పెద్దవాళ్లు అంటారు. తగిలేదాకా కూర్చునే ఓపిక నాకు లేదు. కోర్టులో కలుద్దాం.

ఇట్లు,
గుట్టు దాచని మీ భార్య

*

ప్రియమైన మీకు,

ఈ పిలుపు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

నిన్న మీరు బోనెక్కినప్పుడు నేను లాయరమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. భయంతో అనుకుని ఉంటారు. కాదు, ఆత్రంతో.

మీకు తెలియని సంగతొకటి ఇప్పుడు చెబుతాను. మనం రోడ్డు దాటిన చోట, మూల మీది చెప్పుల షాపుకు బోర్డు రాసింది నేనే. షాపాయన నన్ను చూడటానికి వచ్చి, తన కెమెరాలో పడిన దృశ్యం ఇచ్చి వెళ్లాడు. దీపం, చారలు, నా నడక, మీ అక్క చెవి దగ్గరి ఫోను, అంతా ఉంది. ముందే బయటపెడదామంది లాయరమ్మ. నేనే ఒప్పుకోలేదు. మీరు ప్రమాణం చేసి అబద్ధమాడాలి, ఆ వెంటనే అది నలుగురి ముందూ చూపించాలి, అక్కాతమ్ముళ్ల తలలు ఒక్కసారే వాలిపోవాలి. రోజూ నొప్పి లేచినప్పుడల్లా ఆ ఊహనే చప్పరించాను. మందులకన్నా బాగా పనిచేసింది.

"మీ భార్య దీపం చూడకుండా పరుగెత్తింది, అవునా?" అన్నాడు వాళ్ల లాయరు.

మీరు వదిన వైపు చూశారు. తర్వాత నా చంకకింది కర్రల వైపు.

"లేదు సార్. నడిచింది. దీపం పచ్చగా ఉంది. మా అక్క ఫోనులో మాట్లాడుతోంది. పోలీసులకు నేను అబద్ధం చెప్పాను."

"ఒరేయ్!" అని వదిన లేచింది. జడ్జిగారు కూర్చోమన్నారు.

నాకు నోటికాడి కూడు లాగేసుకున్నట్టయింది! లాయరమ్మ ఆ వీడియో సంగతి ఎత్తకుండానే సంచీ మూసేసింది. తీర్పు ఇంకా రావాలి. అయినా గెలిచినట్టేనంటోంది. నాకు సంతోషం కలగలేదు. నా మొగుడు మళ్లీ అబద్ధమాడాలని ఇన్నాళ్లూ కోరుకున్నానని అప్పుడు తెలిసొచ్చింది.

మెట్ల దగ్గర "పాముకు పాలు పోశాను" అని వదిన మిమ్మల్ని అంటుంటే విన్నాను. ఆగకుండా వెళ్లిపోయాను. జాలి కలిగింది, కాని చూపించడం ఇష్టం లేకపోయింది.

కోపం పోయిందనుకోకండి. తెర అవతల మీరన్న మాటకు ఏ కోర్టూ పరిహారం ఇప్పించలేదు, అది నేనే రాబట్టుకోవాలి. ఆదివారం రండి. భోజనానికి కాదు, తిట్లు తినడానికి. అక్క అడ్డం వస్తే నేను పిలిచానని చెప్పండి. పొద్దున్నే రండి, సాయంత్రానికి గాని అవి అయిపోవు.

మీ
నేను