ఇరవై నాలుగు చుక్కల వరస

రాయచూరు జిల్లా,
కరెంటు కాలనీ నుంచి.

అమ్మకి పద్మ నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నీ మోకాలు ఎలా ఉంది? నాన్న దగ్గు తగ్గిందా?

ఫోన్లో మాట్లాడితే ఈయన పక్కనే ఉంటారు, నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నాను. అక్షరాలు కోడికాళ్ళలా ఉన్నాయని నవ్వకు.

నాకు నిద్ర పట్టడం లేదని, వచ్చి తీసుకెళ్ళమని ఈయన నాన్నకి చెప్పారు కదా. పై నెలలో బయలుదేరతానన్నారట. రావద్దని చెప్పమ్మా. ఎందుకో రాస్తాను.

కరెంటు ప్లాంటులో ఈయన షిఫ్టు వారం వారం మారుతుంది. ఒక వారం తెల్లారగట్ల నాలుగింటికే లేచి బాక్సు కట్టాలి. ఒక వారం ఆయన రాత్రి పదకొండింటికి వచ్చేదాకా అన్నం పెట్టుకుని కూర్చోవాలి. నైట్ షిఫ్టు వారం పగలంతా ఆయన నిద్రకి కాపలా. కుక్కరు కూత పెడుతుందని అన్నం గిన్నెలోనే వండి వారుస్తాను. ఇక రాత్రి సంగతి నీకు తెలుసు. మగాడు మేలుకుని కష్టపడుతుంటే ఆడది కన్ను మూయకూడదన్నావు. నాన్న మిల్లులో రాత్రి పనికి వెళ్తే నువ్వు గుమ్మంలో కూర్చునేదానివి. నేనూ అలాగే కూర్చున్నాను.

మొదట్లో బాగానే ఉండేది. ప్లాంటు పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. పొగ మబ్బుల్లో కలిసి ఆకాశమంతా ఏటి నీళ్ళలా కదిలేది. పోనుపోను పగలు కూడా అన్నీ అలాగే కదలడం మొదలైంది. బియ్యం కడుగుతుంటే చేతులు నావి కానట్టుండేవి. ఒకరోజు నువ్వు పెరట్లో నిలబడ్డావనుకుని చాలాసేపు మాట్లాడాను. తీరా చూస్తే తీగ మీద ఆరేసిన నా చీర.

రాయచూరులో డాక్టరమ్మకి చూపించారు. మూడు వారాలు ఎప్పుడు పడుకున్నానో, ఎప్పుడు లేచానో రాసుకుని రమ్మంది. అంత చదువుకున్నావిడకి నా రాత చూపించాలంటే సిగ్గేసి, కాగితం మీద ముగ్గు వేశాను. రోజుకో వరస, గంటకో చుక్క, వరసకి ఇరవై నాలుగు. నిద్రపోయిన గంటల్ని నీలం స్కెచ్ పెన్నుతో మెలిక తిప్పి కలిపాను. మేలుకున్న చుక్కల్ని ఊరికే వదిలేశాను. చివరికి చూస్తే నీలం ఎక్కడా నిలవలేదమ్మా. మెట్లు మెట్లుగా పక్కకి జారిపోయింది.

ఈయన ఆ కాగితం మొదటిసారి డాక్టరమ్మ దగ్గరే చూశారు. వరసల మీద వేలు పెట్టి, ఇది నా సెకండ్ షిఫ్టు, ఇది నైటు అని చెబుతూ చెబుతూ ఆగిపోయారు. తను నైట్ డ్యూటీలో ఉన్నప్పుడైనా నేను హాయిగా పడుకుంటున్నాననే అనుకున్నారట, పాపం.

"మందు అక్కర్లే నీకు," అంది డాక్టరమ్మ. "ఒంట్ల ఒక గడియారం ఉంటది. పొద్దుటి ఎండ కండ్ల పడితే అది సక్కగ నడుస్తది. నువ్వు వారానికోసారి దాని ముల్లు తిప్పుతున్నవ్. డ్యూటీ ఆయనదా, నీదా?"

 ఈయన, ఏదేమైనా రెండు నెలలు పుట్టింట్లో పడుకుని రానీయండి అన్నారు.

"నేను వెళ్ళను. ఇక్కడే పడుకుంటాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. డాక్టరమ్మ నవ్వి, ఆ కాగితం అడిగి తీసుకుని గోడకి అంటించుకుంది.

ఈ వారం మళ్ళీ నైట్ షిఫ్టు. నిన్న పదింటికే పడుకున్నాను. తప్పు చేస్తున్నట్టనిపించి రెండుసార్లు లేచి గుమ్మందాకా వెళ్ళొచ్చాను, తర్వాత ఏమైందో తెలీదు. లేచేసరికి కిటికీ తెల్లగా ఉంది. తలుపు తీస్తే ఈయన పాల ప్యాకెట్టు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు. నన్ను లేపడం ఇష్టంలేక బెల్లు కొట్టలేదట. ఆయన పగలు పడుకోవాలి కనక కళ్ళకి ఎండ తగలకూడదని తల మీంచి తువ్వాలు కప్పుకున్నారు. నన్ను మాత్రం ఎండలోకి తోశారు. ఆయన ముసుగులో, నేను వెలుగులో, చాలాసేపు అలాగే ఉన్నాం. ఇంకా కల తెల్లారలేదేమో అనిపించింది.

జొన్నరొట్టె అలవాటైంది. ఎవరైనా ఇటు వస్తే ఎండు మెత్తళ్ళు పంపు, ఆ చేప ఇక్కడ దొరకదు. నాన్నకి, అమ్మమ్మకి నా నమస్కారాలు.

అమ్మా, నీ మాట దాటాను. కోపం తెచ్చుకోకు. పడుకోబోయే ముందు గుమ్మంలో కూర్చున్న నువ్వే కనిపిస్తున్నావు. ఈసారి ఫోన్ చేసినప్పుడు "పడుకోవే" అని ఒక్కమాట నీ నోటితో అను. అదే నాకు దీవెన.

నీ కూతురు,
పద్మ