బోణీ కాకముందు

తిరుపతి

నరేంద్రన్నకు చెల్లెలు మోహన నమస్కారం. ఇంట్లో అందరం క్షేమం. అమ్మ మోకాళ్లు కాస్త నయం. లేహ్ చలికి నీ దగ్గు ఎలా ఉంది? ఫోన్లో చెబుదామంటే నాయన ఎప్పుడూ పక్కనే ఉంటారు. అందుకే కాగితం తీశాను.

కొట్లో ఆ పాత వీడియో గేములు, అవే చేతిలో పట్టుకుని ఆడేవి, ఇంకా ఎన్నాళ్లు అమ్ముతారని అడిగావు కదా. కంపెనీ ఎప్పుడో ఆపేసింది. నాయనేమో, “కొత్తవి కొనే తాహతు అందరికీ ఉండాదా? అడిగేవాళ్లు ఉన్నన్నాళ్లు అమ్ముదాం” అంటారు. నేనూ వంత పాడాను.

పోయిన శుక్రవారం పొద్దున కొట్టు నేనే తెరిచాను. ముందురోజు మనవడికి గేము కొనుక్కుపోయిన అవ్వ వచ్చింది.

“సూడు తల్లీ, సెయ్యి కాలేంత వేడెక్కతాండాది. వాపసు తీసుకో.”

బోణీ కాకముందే వాపసా అని చిరాకేసింది. “సాయంకాలం రా అవ్వా, మారుస్తా” అన్నాను.

“కాళహస్తిలో మా ఇంటికి పోవల్ల. అంతదాకా యాడుండేది?” అని దాన్ని సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

తర్వాత అనుమానమొచ్చి అదే సరుకులో ఇంకో పెట్టె విప్పాను. అన్నా, బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచి ఉంది. మరొకటీ అంతే. అట్లా ఉబ్బింది ఛార్జింగులో పేలిపోవచ్చు. బస్టాండుకు పరుగెత్తాను, బస్సు వెళ్లిపోయింది. పేరు అడగలేదు, నంబరు తీసుకోలేదు. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. అంబులెన్సు మోగితే వీధిలోకి పరుగెత్తి చూస్తున్నాను. ఆ పిల్లవాడు దాన్ని ఛార్జింగుకు పెట్టి పక్కనే పడుకుంటాడేమో.

నీ ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు వేరు. అడిగేవాళ్లు ఉన్నన్నాళ్లు కాదు, లోపలి బ్యాటరీ బాగున్నన్నాళ్లే అమ్మాలి. మిగిలినవన్నీ అరల్లోంచి తీసేశాను.

నీ దగ్గర ఒక మాట దాచాను. వెళ్తూ వెళ్తూ ఆ అవ్వ, “బిడ్డ ఆడుకుంటే ఏం గాదు గదా?” అని అడిగింది. వదిలించుకోవాలని, “పాతవి అట్లే వేడెక్కతాయి, ఏం గాదు, ఆడుకోమను” అన్నాను. నా మాట నమ్మబట్టే ఆమె మళ్లీ రాలేదు.

ఈ పొద్దు నాయనకు చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన చెప్పులు వేసుకుని, “పదమ్మా, కాళహస్తిలో ఇంటింటికీ పోయి అడుగుదాం” అన్నారు. ఆ గొంతులో నాకంటే ఎక్కువ భయం ఉంది. ఇప్పుడే బయలుదేరుతున్నాం. గేము దొరికితే చాలదన్నా, ఆ పిల్లవాడి రెండు చేతులూ నేను కళ్లారా చూడాలి.

ఇట్లు,
నీ చెల్లెలు
మోహన