దిగని డ్రైవరు

ఆదోని, 1983, శుక్రవారం రాత్రి

బొంబాయి నుంచి తెప్పించిన విడిభాగాల కిట్టుతో చేసిన బొమ్మ రైలింజనుకు నల్లరంగు ఆరింది. లోపల అంటించిన శెనక్కాయంత డ్రైవరుకు రసూలన్న మీసం, ఎర్ర మఫ్లరు వేశాను, వదినను నవ్విద్దామని. అన్న రైలు డ్రైవరు, ఇంజను మీద డ్యూటీలోనే పోయి ఏడాదైంది.

వదిన నవ్వలేదు. కొంగుతో బొమ్మ ముఖం తుడిచింది.

"ఎన్నాళ్లు నిలబెడతావప్పా ఆయన్ని? కాళ్లు నొస్తాయి. దించియ్యి, ఇంటికి తీస్కపోతా."

"రేపు దించుతాలే వదినా. నా మాట ఎప్పుడిన్నాడు మీ ఆయన?" అన్నాను, అలవాటు కొద్దీ.

ఇప్పుడు కత్తి మొనతో కదిపి చూశాను. బంక రాయిలా పట్టేసింది. ఇంకాస్త నొక్కితే అన్న కాళ్లు విరుగుతాయి. చెయ్యి రావడం లేదు. పోనీ ఇంజనుతో సహా ఇద్దామంటే, మొగుణ్ణి మింగినదాన్ని వదిన గడప దాటనివ్వదు.