కాగితం తిప్పాను, అత్తా

అత్తా,

నువ్వు పోయి నేటికి పదకొండు నెలలు. ఇన్నాళ్ళూ నీకు రాయడానికి మొహం చెల్లలేదు. ఇవాళ చెల్లుతోంది. అందుకే చిక్కపేటలో నాన్న అంగడి మేడ మీద చీరల మూటల మధ్య కూర్చుని, నీ ఎర్ర పెన్సిలుతోనే రాస్తున్నాను. దీని కొన కాస్త నానిపోయి ఉంది... ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు అసలు సంగతి. సాగదీస్తే నీకు కోపం కదా. నెలలు నిండకుండా పుట్టిన ప్రతి బిడ్డకీ నాలుగో వారంలో కళ్ళు చూసి తీరాలని పెద్ద డాక్టరుగారు సంతకం పెట్టి, పసిబిడ్డల వార్డు తలుపుకి అంటించారు. ఎన్నేళ్ళు అడిగావు దీని కోసం!

అది ఎలా జరిగిందో చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి. వింటావా?

బీఎస్సీ అయ్యాక నేను ఏ పనిలోనూ కుదురుకోలేదు. టైపు మూడు వారాలు, పంతులమ్మ ఉద్యోగం రెండు నెలలు. నాన్న విసిగిపోయి నీతో మొరపెట్టుకుంటే నువ్వన్నావు: "దీని కాలు ఒక తావున నిలిచేది లేదు గానీ అన్నా, చెయ్యి నిలుస్తాది. బొమ్మలు బాగా గీస్తాది. నాకిచ్చెయ్యి."

అలా ఆసుపత్రిలో కంటి డాక్టరువైన నీ పక్కన కూర్చుని, రోగుల కంటి పటాలు గీసేదాన్నయ్యాను. పొద్దున చక్కెర జబ్బున్న పెద్దవాళ్ళు, మధ్యాహ్నం పసిబిడ్డలు. నువ్వు నుదుటికి దీపం కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని, కంట్లోకి వంగి చెప్తూ ఉంటే నేను గుండ్రటి గీత లోపల రంగులతో గీయాలి. మధ్యమధ్య నాకు పాఠం కూడా...

"పెద్దోళ్ళ కంట్లో ఉండే కథే ఈ బిడ్డల కంట్లోనూ ఉండాది పాపా. రెటీనాలో రక్తం అందని తావు ఆకలి, ఆకలి అని అరుస్తాది. ఆ అరుపుకి పిచ్చి నాళాలు పుట్టుకొస్తాయి. ఆ అరిచే అంచు నోరు మూయిస్తే చాలు, చూపు నిలుస్తాది."

పెద్దవాళ్ళకి కాంతితో కాల్చి ఆ నోరు మూయించావు. బిడ్డలకి కూడా ఏదో ఒకటి చేయవచ్చంటే ఎంతమంది నవ్వారు! మన దగ్గర అంత చిన్న బిడ్డలు బతికేదే తక్కువ, ఇక కళ్ళ సంగతి ఎవరికి కావాలి అన్నారు. జబ్బు కణత వైపే మొదలవుతుంది, అక్కడ చూస్తే వేళకి పట్టుకోవచ్చు అని నీ పట్టు. నీకున్న సాక్ష్యం ఆ పటాలే.

ఆ అద్దంలో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. పైది కిందికి, కణత వైపుది ముక్కు వైపుకి. అందుకే కాగితాన్ని తలకిందులుగా పెట్టుకుని, నీకు కనిపించింది కనిపించినట్టే గీయాలి. నేను మొదటి పుస్తకమంతా కాగితం తిప్పకుండానే గీశాను. పట్టుబడిన రోజు నువ్వు తిట్టలేదు. పడీ పడీ నవ్వావు.

"అయ్యో నా తల్లీ, బెంగళూరు బిడ్డలందర్నీ తలకిందులు నిలబెట్టినావు గదే! పో, అన్నీ మళ్ళీ గీయి."

ఆ రోజు నుంచి నీ మొదటి పలకరింపు అదే... "కాగితం తిప్పినావా?"

వారం తర్వాత అడిగావు, మళ్ళీ గీశావా అని. గీశానన్నాను. గీయలేదు అత్తా. సినిమాకి పోయాను. నువ్వు పుస్తకం తెరిచి చూడనైనా లేదు. అంత నమ్మకం ఎందుకు పెట్టుకున్నావు నా మీద?

నువ్వు పోయాక నీ శిష్యురాలు డాక్టర్ నళిని పుస్తకాలన్నీ పెద్ద డాక్టరుగారికి ఇచ్చింది. ఆయన తిరిగిచ్చేశారు. మొదటి పుస్తకంలో జబ్బు ముక్కు వైపు, మిగతా వాటిలో కణత వైపు. ఇలా పొసగని ఆధారంతో పసికంటి మీద చెయ్యి వేయనివ్వనన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

నేను నోరు విప్పలేదు. గీసిన మనిషే అబద్ధాలకోరని తెలిస్తే మిగతా పుస్తకాలని మాత్రం ఎవరు నమ్ముతారు? ఇలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అప్పుడు మునిరత్నమ్మ వచ్చింది. హొసకోటె దగ్గర ద్రాక్షతోటలో పని. ఒళ్ళో, ఏడో నెలలోనే పుట్టి, ఎన్నో రోజులు ఆక్సిజన్ పెట్టెలో పెరిగిన ఆడపిల్ల. నళిని చూసింది. రెండు కళ్ళలోనూ, రక్తం అందే చోటుకీ అందని చోటుకీ మధ్య గట్టు లేచింది, దాని మీద పిచ్చి నాళాలు. అతి చల్లని కడ్డీ ఆనించి ఆ అంచుని గడ్డకట్టించాలి. రోజులే గడువు. పెద్ద డాక్టరుగారు ఒప్పుకోరు.

మునిరత్నమ్మ నా కొంగు పట్టుకుంది. "గీసేది నువ్వే గదమ్మా... నా బిడ్డ కంట్లో ఏమి గీసినావు? చూపు ఉండాదా, లేదా?"

మొదటి పుస్తకం తీసుకుని ఆయన గదిలోకి పోయాను. నా సోమరితనం, నా అబద్ధం, అంతా చెప్పేశాను. పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి పేజీలు చూపించాను. కణత వైపు. కణత వైపు. మళ్ళీ కణత వైపే...

ఆయన లేచి, దీపం తనే కట్టుకుని, మునిరత్నమ్మ బిడ్డ కంట్లోకి వంగారు. నన్ను రెండు పటాలు గీయమన్నారు. ఒకటి కాగితం తిప్పకుండా, ఒకటి తిప్పి. ఆయన చెప్పారు, నేను గీశాను. తిప్పనిది అచ్చం మొదటి పుస్తకంలా వచ్చింది. తిప్పినది మిగతా అన్నిటిలా!

"మీ అత్త చూపు తప్పలేదమ్మా," అన్నారాయన, కన్నడ యాసలో. "రేపే చేద్దాం."

చేశారు అత్తా. రెండు కళ్ళకీ. గట్టు అణిగింది, నాళాలు వాడిపోయాయి, నువ్వు చెప్పినట్టే.

ఆరు నెలలు గడిచాక, మొన్న బిడ్డని పరీక్షకి తెచ్చారు. నేను పెన్సిలు చెక్కుతున్నాను. ఆ పిల్ల చూసింది... నన్ను కాదు, నీ ఎర్ర పెన్సిలుని. అటు జరిపితే అటు, ఇటు జరిపితే ఇటు తల తిప్పింది. చివరికి గుంజుకుని చిగుళ్ళతో కసకసా నమిలింది. వాళ్ళ అవ్వ నవ్వలేక చచ్చింది. "ఓసి దొంగదానా! కండ్లు పోతాయంటిరే దీనికి, చూడండి ఎట్ల గుంజుకుంటాదో!"

నేనూ నవ్వాను. నళిని ఏడ్చింది. పెద్ద డాక్టరుగారు ఆ సాయంత్రమే వార్డు తలుపుకి కాగితం అంటించారు.

మొదటి పుస్తకాన్ని మళ్ళీ గీస్తానన్నాను. వద్దన్నారు. అలాగే ఉంచి, ప్రతి పటం కిందా రాయమన్నారు. రాశాను: "దీన్ని తిప్పి చూడాలి. తప్పు గీసినవారిది, చూసినవారిది కాదు." అన్నిటి కిందా నా సంతకం.

కాలు ఇంకా ఒక తావున నిలవడం లేదు అత్తా. చెయ్యి మాత్రం నిలిచింది.

రేపు ముగ్గురు బిడ్డలున్నారు. నువ్వు అడుగుతావని తెలుసు... కాగితం ఇప్పుడే తిప్పి పెట్టాను.

నీ పాప